తేనె తీసిన తరువాత మిగిలే మైనం – గృహావసరాలలో వినియోగం

పూర్వం మన ఇళ్లలో కుంకుమ భరిణె పక్కనే మరొక చిన్న డబ్బీ ఉండేది. అందులో పసుపుపచ్చని మైనం ముద్ద ఉండేది. స్త్రీలు వేలికొనతో ఆ మైనాన్ని కొద్దిగా తీసి నుదుట గుండ్రంగా రాసి, దానిపై కుంకుమ అద్దుకునేవారు. ఎండలో పనిచేసి చెమట పట్టినా బొట్టు చెదిరేది కాదు. అతికించుకునే బొట్టుబిళ్లలు వచ్చిన తరువాత ఆ డబ్బీ కనుమరుగైంది. తేనెటీగ వల్ల ఇంటికి చేరేది తేనె ఒక్కటే కాదన్న ఎరుక కూడా దానితోపాటే సన్నగిల్లింది.

సంస్కృతంలో తేనె మైనానికి మధూచ్ఛిష్టమని పేరు. మధువును తీసుకోగా మిగిలినది అని దాని అర్థం. ఆయుర్వేద గ్రంథాలలో సిక్థకమనే పేరు కూడా కనిపిస్తుంది. నూనెతో కలిపి కాచిన సిక్థ తైలం పగుళ్లకు, పుండ్లకు పైపూతగా వాడుకలో ఉంది. అంటే పేరుకు మిగులే అయినా ఆనాటివారు దానిని పారవేయలేదన్నమాట. పారవేయడం మన కాలంలో ఎక్కువైంది. అందులో విస్తరణ రంగంలో ఉన్న మా వంటివారి పాత్ర కూడా కొంత ఉంది.

కొన్నేళ్ల క్రితం ఏజెన్సీ గ్రామం ఒకదానిలో తేనె సేకరణపై శిక్షణ ఇస్తున్నాము. పట్టును చేతితో పిండకుండా తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోయడం, పిల్లలున్న భాగాన్ని చెట్టునే వదలడం, తేనెను వడకట్టడం, తేమ శాతం చూడడం మొదలైనవన్నీ చెప్పాము. చివరన ఒక గిరిజన మహిళ పళ్లెంలో మిగిలిన పిప్పిని చూపించి, "సారూ, ఇది దేనికి పనికొస్తాది?" అని అడిగింది. "పారేయవద్దమ్మా, చాలా ఉపయోగాలున్నాయి" అన్నాను. "ఏంటవి?" అని ఆమె మళ్లీ అడిగింది. కొవ్వొత్తులు, సౌందర్య సాధనాల పరిశ్రమ అని రెండు మాటలు చెప్పి ఊరుకున్నాను. ఆ గ్రామానికి సౌందర్య సాధనాల పరిశ్రమ ఎంత దూరమో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆనాడు చెప్పవలసిన సమాధానాన్ని ఆ తరువాత మా ఇంటి వంటగదిలోను, శిక్షణ శిబిరాలలోను చేసి చూసి ఇక్కడ రాస్తున్నాను.

మైనం వెనుక ఉన్న తేనె

కూలి ఈగల పొట్ట అడుగుభాగంలో ఉండే నాలుగు జతల గ్రంథులు మైనాన్ని స్రవిస్తాయి. ఈగ వయస్సు ఇంచుమించు 12 నుంచి 18 రోజుల మధ్య ఉన్నప్పుడు ఈ గ్రంథులు చురుకుగా పనిచేస్తాయి. వెలికి వచ్చిన ద్రవం గాలి తగలగానే పలుచని రేకుగా గట్టిపడుతుంది. ఒక్కొక్క రేకు బరువు సుమారు ఒక మిల్లీగ్రాము. కిలో మైనానికి దాదాపు పది లక్షల రేకులు కావాలి. ఆ రేకులను ఈగ కాళ్లతో అందుకొని, నోట నమిలి మెత్తపరచి గది గోడగా అతుకుతుంది. కిలో మైనం తయారుచేయడానికి ఈగలు సుమారు 6 నుంచి 8 కిలోల తేనెను ఖర్చు చేస్తాయని సాధారణంగా లెక్కిస్తారు. కాబట్టి చెట్టు కింద వదిలేసిన పిప్పి చెత్త కాదు, రూపం మార్చుకున్న తేనె.

పెట్టెలలో పెంచి, యంత్రంతో తేనె తీసే పద్ధతిలో పట్టు చెడదు. కోసిన గది మూతలు మాత్రమే మైనంగా దక్కుతాయి. ఆ లెక్కన 100 కిలోల తేనెకు 1 నుంచి 2 కిలోల మైనం వస్తుంది. కొండ తేనెపట్టును కోసి పిండే చోట పట్టు మొత్తం మిగిలిపోతుంది కనుక మైనం పాలు తేనె బరువులో పదో వంతుకు దగ్గరగా ఉంటుంది. విచిత్రమేమంటే మైనం తక్కువ వచ్చే పెట్టెల రైతే మూతలను జాగ్రత్త చేస్తున్నాడు. ఎక్కువ వచ్చే అడవి తేనె సేకర్తల దగ్గర అది మట్టిపాలవుతోంది.

పట్టును పట్టుగా నిల్వ చేయడం సాధ్యం కాదు. మైనపు చిమ్మట కొద్ది రోజులలోనే గుడ్లు పెడుతుంది. పురుగులు సొరంగాలు చేసుకుంటూ, గూళ్లు అల్లుకుంటూ పట్టును పొడి చేస్తాయి. నిజానికి ఆ పురుగుకు శుద్ధమైన మైనం మీద పెద్ద ఆసక్తి లేదు. పట్టులో ఉండే పుప్పొడి, పిల్లల తొడుగులే దానికి ఆహారం. అందుచేత కరిగించి వడకట్టిన మైనం ముద్దను అది ముట్టదు. తేనె తీసిన రెండు మూడు రోజులలోనే పట్టును కరిగించాలని చెప్పడానికి కారణమిదే. ఒకసారి ముద్దగా మారిన మైనం ఏళ్ల తరబడి చెడదు. పైన బూడిదరంగు పొడివంటి పూత ఏర్పడితే బూజు అని భయపడనవసరం లేదు. చలికాలంలో అది సహజంగానే వస్తుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది.

కరిగించే పద్ధతి

మైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. 85 డిగ్రీలు దాటితే రంగు ముదురుతుంది, వాసన పోతుంది. సుమారు 200 డిగ్రీలు దాటితే దాని ఆవిరి అంటుకుంటుంది. నీటికంటె తేలిక, నీటిలో కరగదు. ఈ నాలుగైదు గుణాలు గుర్తున్నవారికి పద్ధతిని వేరుగా నేర్పవలసిన పని ఉండదు.

ముందుగా పిప్పిని చల్లని నీటిలో నానబెట్టి, చేతితో నలిపి, తేనె జిగట పోయేవరకు రెండు మూడుసార్లు కడగాలి. తేనె మిగిలితే కాగేటప్పుడు మాడి మైనానికి గోధుమరంగు పడుతుంది. కడిగిన పిప్పిని ముతక నూలు గుడ్డలో మూటకట్టి, లోతైన పాత్రలో నీటి అడుగున ఉండేలా పైన చిన్న రాయి పెట్టి, సన్నని సెగపై వేడిచేయాలి. నీరు తెర్లి మరగనవసరం లేదు, వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే సరిపోతుంది. కరిగిన మైనం గుడ్డలోనుంచి ఊరి పైకి తేలుతుంది. మూటను కర్రతో అదిమి, తిప్పి, మళ్లీ అదుముతూ ఉండాలి. తరువాత పొయ్యి ఆపి, పాత్రపై మూత పెట్టి, గోనె సంచి కప్పి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. నెమ్మదిగా చల్లారితేనే మడ్డి అడుగుకు దిగుతుంది. తెల్లవారేసరికి నీటిపై మైనం బిళ్ల కట్టి ఉంటుంది. దాని అడుగున అంటుకున్న నల్లని మడ్డిని కత్తితో గీకివేసి, బిళ్లను మరొకసారి కరిగించి, పాత పంచె గుడ్డలో వడకట్టి అచ్చులలో పోసుకోవాలి.

రెండోసారి కరిగించేటప్పుడు పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, అందులో మైనం ఉన్న చిన్న గిన్నెను ఉంచాలి. మైనాన్ని నేరుగా మంటపై పెట్టకూడదు. ఈ ఒక్క నియమాన్ని శిక్షణలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. పొరపాటున మైనం అంటుకుంటే దానిపై నీళ్లు చల్లరాదు. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని చుట్టూ చిమ్ముతుంది. పొయ్యి ఆపి, పాత్రపై మూత బోర్లించాలి. లేదా ఇసుక పోయాలి. కరిగిన మైనం ఒంటిపై పడితే అతుక్కొని లోతుగా కాలుస్తుంది కాబట్టి పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

పాత్ర విషయం చిన్నదిగా కనిపించినా ఫలితం దాని మీదే ఆధారపడి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, ఎనామిల్ పాత్రలు శ్రేష్ఠం. ఇనుప బాణలిలో కాస్తే మైనం గోధుమరంగుకు, రాగి, ఇత్తడి పాత్రలలో కాస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఉప్పునీటి బోర్లున్న గ్రామాలలో మరో ఇబ్బంది ఉంది. నీటిలోని సున్నపు లవణాలు మైనంలోని ఆమ్లాలతో కలిసి సబ్బువంటి పదార్థం ఏర్పడి, బిళ్ల గట్టిపడక రవ్వరవ్వగా ఉంటుంది. అటువంటి చోట వాననీరు వాడాలి. అది లేకపోతే నీటిలో రెండు చెంచాల వెనిగర్ కలపాలి.

కొత్త పట్టు తెల్లగా ఉంటుంది, దాదాపు మొత్తం మైనమే. పిల్లలు పెరిగిన పాత పట్టు నల్లగా ఉంటుంది. ఒక్కొక్క తరం పిల్ల ఈగ తన గూటి పొరను గదిలోనే వదిలిపోతుంది. ఆ పొరలు కరిగిన మైనాన్ని పీల్చుకుంటాయి. అందువల్ల నల్లని పట్టు నుంచి వచ్చే మైనం తక్కువ, రంగు ముదురు. తెల్ల పట్టును, నల్ల పట్టును ముందే వేరుచేసి విడివిడిగా కరిగిస్తే తెల్లపట్టు మైనం ఒంటికి, తిండికి సంబంధించిన పనులకు, నల్లపట్టు మైనం పనిముట్లకు పనికివస్తుంది.

మన వేసవి ఎండను కూడా ఈ పనికి వాడుకోవచ్చు. లోపల నల్లరంగు వేసిన చెక్కపెట్టెకు ఏటవాలుగా అద్దం మూత బిగించి, లోన రేకుపై గది మూతలు పరచి ఎండలో ఉంచితే మైనం కరిగి కింది గిన్నెలోకి జారుతుంది. వంటచెరకు ఖర్చు లేదు, అంటుకునే భయం లేదు. అయితే నల్ల పట్టు నుంచి ఈ పెట్టెలో మైనం సరిగా దిగదు. మరొక మాట. ఆరుబయట పిప్పి కడిగినా, కరిగించినా చుట్టుపక్కల ఈగలన్నీ మూగుతాయి. తేనెపెట్టెలున్న రైతు ఇంట్లో ఇది దోపిడీకి, దానితో పాటు రోగవ్యాప్తికి దారితీస్తుంది. చీకటి పడిన తరువాత చేసుకోవడం, కడిగిన నీటిని వెంటనే కంపోస్టు గుంటలో పోసి మట్టి కప్పడం ఉత్తమం.

ఇంటిలో ఉపయోగాలు

అన్నిటికంటె ముందుగా చెప్పవలసింది పాదాల పగుళ్ల లేపనం. నాట్లు వేసే స్త్రీల కాళ్లు బురదలో నాని, ఆరిన తరువాత చీలుతాయి. చలికాలంలో ఆ చీలికలు రక్తం కారేంతవరకు వెళ్తాయి. ఒక భాగం మైనానికి బరువులో నాలుగు భాగాల నువ్వుల నూనె తీసుకోవాలి. నీళ్ల గిన్నెలో పెట్టిన చిన్న గిన్నెలో మైనం కరిగించి, నూనె కలిపి, పూర్తిగా కలిసిన తరువాత దించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పొడి సీసాలో పోయాలి. చిక్కదనం సరిపోయిందో లేదో తెలియాలంటే ఒక చుక్కను చల్లని స్టీలు పళ్లెంపై వేసి చూడాలి. గట్టిగా ఉంటే కొంచెం నూనె, పలుచగా ఉంటే కొంచెం మైనం చేర్చుకోవచ్చు. మే నెలలో ఇదే లేపనం జావగా మారుతుంది కనుక వేసవికి మూడు భాగాల నూనె చాలు. కొబ్బరినూనె కూడా వాడవచ్చు, కాని అది సుమారు 24 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి మన వాతావరణంలో గట్టిదనమంతా మైనం మీదే ఆధారపడుతుంది. నీరు కలపకూడదు. నీరు చేరిన లేపనంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. రాత్రి కాళ్లు కడిగి, తడి పూర్తిగా ఆరకముందే రాసుకుంటే మైనం పొర ఆ తేమను లోపలే పట్టి ఉంచుతుంది. మైనం చేసే పని అంతవరకే. మందు గుణాలు అంటగట్టి ప్రచారం చేయడం మనకు తగదు. చీము పట్టిన పగుళ్లకు, మధుమేహం ఉన్నవారి పాదాలకు వైద్యుని సలహా అవసరం. పుప్పొడి, ఈగల జిగురు పడనివారికి దద్దుర్లు రావచ్చు కాబట్టి మొదట మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకరోజు చూడాలి. ఏడాది నిండని పసిపిల్లల పెదవులకు రాయరాదు.

తరువాతి స్థానం, నా అభిప్రాయంలో, పనిముట్లది. పారలు, గొడ్డళ్లు, కొడవళ్ల పిడులు ఎండకు పగిలి, వానకు ఉబ్బి వదులవుతాయి. ఒక భాగం మైనం, మూడు భాగాల అవిసె నూనె కలిపి వెచ్చగా ఉన్నప్పుడే గుడ్డతో పిడికి రుద్దితే చెక్క ఆ మిశ్రమాన్ని తాగుతుంది. మరునాడు పొడిగుడ్డతో తుడిస్తే నున్నగా, చేతికి బొబ్బలు రాకుండా ఉంటుంది. అయితే అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె గాలిలోని ఆమ్లజనితో కలిసేటప్పుడు పుట్టే వేడికి గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. విప్పి, ఆరుబయట పరచి ఆరిన తరువాతే పారేయాలి. ఈ సంగతి వడ్రంగులకు తెలుసు, మన శిక్షణ పుస్తకాలలో మాత్రం కనిపించదు. ఇనుప భాగాలను శుభ్రంగా తోమి, ఎండలో వేడెక్కనిచ్చి మైనం ముక్కతో రుద్ది గుడ్డతో పరిస్తే తుప్పు త్వరగా పట్టదు. సముద్రగాలి తగిలే కోస్తా గ్రామాలలో అంటుకట్టే కత్తులకు, కత్తెరలకు ఈ పూత ఎంతో మేలు చేస్తుంది.

వానాకాలంలో ఉబ్బి బిగుసుకునే సొరుగుల అంచులకు, చెక్క కిటికీల గాడులకు, తలుపు గడియలకు మైనం రుద్దితే తేలికగా కదులుతాయి. నూనె వేస్తే దుమ్ము పట్టి మళ్లీ బిగుస్తుంది, మైనానికి ఆ దోషం లేదు. గట్టి చెక్కలోకి మరను దించేముందు మర పళ్లకు కాస్త మైనం రాస్తే సులువుగా దిగుతుంది. దారాన్ని మైనం ముద్దపై ఒత్తి లాగితే పురిపోగులు విడవవు, ముడిపడదు, నీటికి త్వరగా చివకదు. చెప్పులు కుట్టేవారు ఇప్పటికీ ఇలాగే చేస్తున్నారు. దబ్బనంతో గోతాలు కుట్టే పురికొసకు కూడా ఇది వర్తిస్తుంది.

వంటింటికి వస్తే, ఈ మధ్య మైనపు గుడ్డలను ప్లాస్టిక్ సంచులకు ప్రత్యామ్నాయంగా ప్రచారం చేస్తున్నారు. నూలుగుడ్డపై మైనం తురిమి, పైనా కిందా కాగితం పరచి ఇస్త్రీ పెట్టెతో వత్తితే గుడ్డ తయారవుతుంది. వట్టి మైనం పెళుసుగా విరుగుతుంది కనుక అందులో ఎనిమిదో వంతు కొబ్బరినూనె కలపాలి. చల్లని దేశాలలో ఈ గుడ్డ ఎంత ఉపయోగపడినా, వేడివేడి ఇడ్లీలు, చపాతీలు చుట్టే మన ఇళ్లకు అది అంతగా నప్పదు. వేడి తగిలితే మైనం ఆహారానికి అంటుతుంది. మాంసం, చేపలు చుట్టకూడదు, ఎందుకంటే వేడినీటితో కడగడానికి వీలులేని గుడ్డ అది. కాని మన ఇళ్లలో దానికి మరొక చక్కని చోటుంది. ఊరగాయ జాడీలకు వాసెన కట్టే గుడ్డను ఇలా మైనం పట్టించి కడితే వానాకాలపు తేమగాలి లోపలికి చొరబడదు, నూనె మరకలకు గుడ్డ పాడవదు. బెల్లం, చింతపండు నిల్వచేసే కుండలకూ అదే గుడ్డ పనికివస్తుంది. చన్నీటితో కడిగి నీడలో ఆరవేస్తే చాలు.

ఇదే సూత్రం విత్తనాల నిల్వకు వర్తిస్తుంది. ఇంటివాడకానికి దాచుకునే పెసర, మినుము, కంది విత్తనాలను రేకు డబ్బాలో పోసి, మూత అంచు చుట్టూ కరిగిన మైనాన్ని కుంచెతో పూస్తే గాలి, తేమ, పురుగు చేరవు. కాని మూత మూసేముందు విత్తనం బాగా ఆరి ఉండాలి. తేమ చొరని పాత్రలో దాచే అపరాల విత్తనాలలో తేమ 8 శాతం మించకూడదన్నది ప్రమాణం. సరిగా ఆరని విత్తనాన్ని మైనంతో మూసివేస్తే బూజుకు మనమే చోటు కల్పించినట్లవుతుంది. మట్టికుండ అయితే మూతికి మైనం పూసినా గోడల రంధ్రాల గుండా తేమ వెళ్తూనే ఉంటుందని రైతులకు చెప్పాలి.

పెరటి తోట ఉన్నవారికి అంటు మైనం మరొక ప్రయోజనం. రోజిన్ పేరుతో అంగళ్లలో దొరికే పైన్ చెట్టు జిగురు నాలుగు భాగాలు, మైనం రెండు భాగాలు, అవిసె నూనె ఒక భాగం బరువున తీసుకొని, మొదట జిగురును, తరువాత మైనాన్ని కరిగించి చివర నూనె కలపాలి. చన్నీటి బకెట్టులో పోసి, చేతులకు నూనె రాసుకొని సాగదీస్తూ ముద్ద చేసి దాచుకోవచ్చు. మామిడి, నిమ్మ కొమ్మలు కత్తిరించిన గాయాలపైన, అంటు అతుకుపైన దీనిని వెచ్చగా మెత్తబరచి పూస్తే తేమ ఆరిపోదు, శిలీంధ్రం చొరదు. వేడిగా ఉన్నప్పుడు పూస్తే బెరడు కింది సజీవ కణజాలం ఉడికిపోతుంది.

కొవ్వొత్తుల గురించి ఎక్కువ చెప్పను. మైనం ధర దృష్ట్యా రోజువారీ దీపానికి అది దండగే. తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మాత్రం ఇంట్లో ఉన్న ఆ నాలుగు వత్తులే ఆదుకుంటాయి. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తరువాత విశాఖ పరిసరాలలో ఉన్నవారికి ఆ చీకటి గుర్తుండే ఉంటుంది. తేనె మైనం చిక్కగా కరుగుతుంది కాబట్టి సాధారణ కొవ్వొత్తికంటె లావు వత్తి వేయాలి. లేకపోతే మధ్యలో గుంట పడి దీపం మునిగి ఆరిపోతుంది.

తేనెటీగలు పెంచే ఇంట్లో మొదటి వాటా ఈగలకే తిరిగి ఇవ్వాలి. ఖాళీ పెట్టె లోపలి గోడలకు, చట్రాల పైకమ్మీలకు మైనం రుద్దితే వలస వచ్చిన పుట్ట తేనెటీగలు త్వరగా స్థిరపడతాయి. 1857లో జర్మనీకి చెందిన యొహాన్నెస్ మేరింగ్ రూపొందించిన మైనపు అచ్చు పలక సూత్రం కూడా ఇదే. గదుల అడుగు అచ్చు వేసిన పలకను చట్రంలో బిగిస్తే ఈగలకు మైనం ఖర్చు, దానితో తేనె ఖర్చు తగ్గుతాయి. అయితే రోగం తగిలిన పెట్టె మైనాన్ని పలకలకు వాడరాదు. కుళ్లు రోగపు బీజాలు సాధారణంగా కరిగించే వేడికి చావవు.

స్వచ్ఛత, అవశేషాలు

అంగడిలో తేనె మైనం పేరుతో అమ్మే తెల్లని బిళ్లలలో చాలావరకు పెట్రోలియం నుంచి వచ్చే పారాఫిన్ కలిసి ఉంటుంది. రెండింటి ద్రవీభవన స్థానాలు దగ్గరగా ఉండవచ్చు కనుక కరిగే వేడిని బట్టి తేల్చలేము. అసలు మైనాన్ని విరిస్తే రవ్వవంటి పగులు కనిపిస్తుంది, చేతిలో నలిపితే తేనె వాసన వస్తుంది. పారాఫిన్ జిడ్డుగా జారుతుంది. ప్రయోగశాలలో ఆల్కహాలు కలిపిన పొటాషియం హైడ్రాక్సైడుతో మరిగించి, చల్లార్చేటప్పుడు ద్రావణం ఏ ఉష్ణోగ్రత వద్ద మసకబారుతుందో చూస్తారు. 65 డిగ్రీలు, అంతకు పైనే మసకబారితే కల్తీని అనుమానించాలి. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మమొకటి ఉంది. మన కొండ తేనెటీగ, పుట్ట తేనెటీగ, చిన్న తేనెటీగల మైనం ఐరోపా తేనెటీగ మైనంతో సమానం కాదు. ఐరోపా ఈగ మైనపు ఆమ్ల విలువ 17 నుంచి 24 మధ్య ఉండగా, మన అడవి ఈగల మైనంలో అది బాగా తక్కువ. ఐరోపా ప్రమాణంతో కొలిస్తే గిరిజనులు తెచ్చిన నిజమైన మైనం కూడా కల్తీగా కనిపించే ప్రమాదముంది.

రెండవది అవశేషాల విషయం. పెట్టెలలో పేనునల్లికి వాడే మందులలో కొన్ని కొవ్వులో కరిగే స్వభావం కలవి. అవి తేనెలోకంటె మైనంలో ఎక్కువగా చేరి, కరిగించినా పోకుండా ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. మందులు వాడిన పెట్టెల పాత పట్టు మైనాన్ని పెదవులకు, ఆహారం తగిలే గుడ్డలకు వాడకూడదు. ఈ దృష్టితో చూస్తే చెట్టు మీది పట్టు మైనానికే విలువ ఎక్కువ.

ఇంటిని దాటి చూస్తే ఈ మైనానికి మన నేలమీద దీర్ఘచరిత్ర ఉంది. కోరమండల్ తీరపు అద్దకం వస్త్రాలకు నీలిమందు పెట్టేటప్పుడు, నీలం పట్టకూడని భాగాలన్నిటిపై కరిగిన మైనం పూసి, నీలితొట్టిలో ముంచి, తరువాత వేడినీటిలో ఆ మైనాన్ని వదిలించేవారు. కూర్దూ అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు 1742లో రాసిన లేఖ ఆ పద్ధతిని వివరిస్తుంది. ఆదిలాబాద్ ఓజ కళాకారులు మట్టి అచ్చుపై మైనపు పోగులు చుట్టి, పైన మట్టి మెత్తి, వేడికి మైనం కారిపోగా ఏర్పడిన ఖాళీలో కరిగిన ఇత్తడిని పోసి డోక్రా బొమ్మలు చేస్తారు. ఆ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన కిన్నెర తయారీలోనూ తేనె మైనం ఉంది. సేకరించే గ్రామానికి, ఇలా వాడే చేతులకు మధ్య ఎంతో దూరం లేదు. ఆ రెండింటిని కలిపే ప్రయత్నం మన కార్యక్రమాలలో అరుదు.

తేనె సేకరణపై మూడు రోజుల శిక్షణ ఇచ్చేవారు అందులో ఒక పూట మైనానికి కేటాయిస్తే చాలు. సాయంత్రం పిప్పి కడిగి కరిగించడం, మరునాడు ఉదయం బిళ్ల తీసి గీకడం, లేపనం ఒక సీసా చేయడం, పార పిడికి పూయడం ప్రత్యక్షంగా చూపవచ్చు. తెరపై చిత్రాలు చూపి వచ్చేయడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఎంత సెగ, ఎంత చిక్కదనం అన్నవి చేతికి తెలియవలసిన విషయాలు. ప్రతి బిళ్లపై తేదీ, తెల్ల పట్టో నల్ల పట్టో, చెట్టుదో పెట్టెదో గుర్తు రాయడం అలవాటు చేయించాలి.

మరుసటి సంవత్సరం అదే గ్రామానికి వెళ్లినప్పుడు, ఆనాడు ప్రశ్న వేసిన మహిళ అరిటాకులో చుట్టిన ఒక బిళ్ల తెచ్చి చూపింది. అది లేత ఆకుపచ్చగా ఉంది. ఏ గిన్నెలో కాచావమ్మా అని అడిగితే, ఇంట్లో పెద్ద గిన్నె అదొక్కటే సారూ, పెళ్లినాటి ఇత్తడిది అన్నది. ఒంటికి రాయవద్దని, కొడవలి పిడులకు, దారానికి వాడుకోమని చెప్పాను. తలుపు గడియకు అప్పుడే రాసేశానన్నది. ఈసారి మాతో ఒక స్టీలు తపేలా తీసుకువెళ్లి ఆ ఊరి సంఘానికి ఇచ్చి వచ్చాము. పిప్పి వడకట్టగా మిగిలిన మడ్డిని ఏం చేయాలని ఆమె అడిగిన కొత్త ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పగలిగాను. ఎండబెట్టి ఉంచుకుంటే తడి కట్టెలను రాజేయడానికి పిడికెడు చాలు, మిగతాది పేడతో కలిపి కంపోస్టు గుంటలో వేయవచ్చు.